తొలిబండి తేమ

తేమ మేష్టారికి బడితో ఏ సంబంధమూ లేదు. ఊరి చివర వేడినీళ్ళ ప్లాంటులో, గేటు పక్క గదిలో ఆయన ఉద్యోగం. వచ్చిన ప్రతి బండిలోంచి కాసిని చెక్కముక్కలు తీసి, అందులో కట్టె ఎంత, నీళ్ళెంత తేల్చి చీటీ మీద అంకె వేయడమే పని. పరీక్ష పేపర్ల మీద మార్కులు వేసినట్టు వేస్తాడని అడవి సొంతదారులంతా కలిసి ఆయన్ని మేష్టార్ని చేసేశారు. ఆయనా కాదనలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ పిలుపుకే పలుకుతున్నాడు.

చుట్టుపక్కల కొండవాలుల్లో ఉన్న అడవంతా చిన్నాచితకా మనుషుల సొంతం. ఒకరికి అయిదెకరాలుంటే ఒకరికి ఇరవై. మంచి దుంగలు కోతమిల్లుకు పోతాయి. మిగిలిన కొమ్మా రెమ్మా, వంకర మొదళ్ళూ, తలకొసలూ రోడ్డు పక్కన కుప్ప పేర్చి, ఒక వేసవంతా ఆరనిచ్చి, మిషనుతో ముక్కలు కొట్టించి ప్లాంటుకు తోలుతారు. ప్లాంటు ఆ ముక్కలు మండించి, నీళ్ళు కాచి, గొట్టాల్లో ఆసుపత్రికీ, బడికీ, ఇళ్ళకీ పంపిస్తుంది. అయితే పచ్చి కట్టె ఎక్కడైనా పచ్చి కట్టే. మండమంటే ఏడుస్తుంది.

పాత బాయిలరు పాపం ఏది వేసినా నోరు మూసుకుని తినేది. ఈ ఏడు దాని చోట కొత్తది పెట్టారు. తేమ ముప్పై అయిదు శాతం దాటిందంటే దానికి అరగదు, ఊరంతా పొగ చిమ్ముతుంది. దాంతో అడవి సొంతదారుల సంఘంలో కొత్త రూలు రాసుకున్నారు. ఒక ఏడాదిలో ఎవరి బండి అయినా మూడుసార్లు ముప్పై అయిదు దాటితే ఆ పేరు జాబితాలోంచి తీసేస్తారు. మళ్ళీ మూడేళ్ళ దాకా గేటు తియ్యరు. మూడేళ్ళు కొమ్మలు అడవిలో పడుంటే పురుగు పడుతుంది. పురుగు పడ్డాక నిలబడి ఉన్న చెట్టుకీ దిక్కుండదు.

సోమవారం పొద్దున మేష్టారు ఎప్పటిలాగే గది ఊడ్చి, బల్ల తుడిచి, నమూనా బకెట్టునీ దాని మూతనీ కుళాయి కింద పెట్టి శుభ్రంగా కడిగాడు. శుభ్రం విషయంలో ఆయనకి ఆయనే సాటి. నిన్నటి బండి దుమ్ము ఇవాళ్టి బండిలో కలిస్తే అది అన్యాయం కాదూ? పుస్తకంలో కూడా ఉంది, 'పాత్ర శుభ్రముగా ఉండవలెను' అని. కడిగి, రెండు విదిలింపులు విదిలించి, మూతపెట్టి పట్టుకున్నాడో లేదో గేటు దగ్గర ట్రాక్టరు హారను మోగింది.

ఎవరో చూడక్కర్లేదు. తొలిబండమ్మే.

ఆవిడకి ఆ పేరు ఊరికే రాలేదు. ఏడాది పొడుగునా ఆవిడ బండి వచ్చిన రోజున ఇంకో బండి ముందు నిలబడిన పాపాన పోలేదు. పెద్ద లారీలు బారులు తీరకముందే తన పని కానిచ్చుకుపోవాలని చీకటితోనే బయల్దేరుతుంది. ట్రాక్టరు తనే తోలుతుంది. పక్క మడ్‌గార్డు మీద ఆవిడ భర్త కూర్చుని ఉంటాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. ఆయన మాట కూడా ఆవిడే మాట్లాడేస్తుంది కాబట్టి ఇన్నాళ్ళూ లోటు తెలియలేదు.

"మేష్టారూ, ఇవాళ మీ చెయ్యి మంచిదవ్వాలి," అంది ఆవిడ దిగుతూనే.

"నా చెయ్యిదేముంది అక్కగారూ. కాటా చెప్పింది రాయడమే."

"ఆ కాటాయే కదా రెండుసార్లు నా కొంప ముంచింది."

నిజమే. ఈ ఏడు ఆవిడవి రెండు బండ్లు ముప్పై అయిదున్నర దగ్గర ఆగిపోయాయి. రెండూ అర శాతంలో పోయాయి. ఇది మూడోది.

మేష్టారు బండెక్కాడు. పైపైన తీస్తే ఎండకి ఆరినవే వస్తాయి, అందుకని పారతో మోకాలిలోతు గుంట తవ్వి, దాని అడుగు నుంచి బకెట్టులో నింపాడు. చెయ్యి లోపలికి పోగానే ఆయనకి ఆశ్చర్యమేసింది. ముక్కలు గలగలమంటున్నాయి. తొమ్మిదేళ్ళ చెయ్యి అది. ముప్పై మూడు దాటదని చెప్పేసింది. అయినా చెయ్యి మాట చెయ్యిదే, కాటా మాట కాటాదే.

"ఆగండి," అంది ఆవిడ. కొంగు చాటు నుంచి ఒక గుడ్డసంచీ తీసింది. "అదే గుంటలోంచి ఇందులోనూ ఒక రెండు పారలు వెయ్యండి. ఇదీ ఆరబెట్టండి."

"అదేం రూలు అక్కగారూ? ఒక బండికి ఒకటే నమూనా."

"రూలు మీ చీటీకి. ఇది నా తృప్తికి." ఆవిడ ఒకసారి ట్రాక్టరు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఈ కుప్ప నేను పేర్చాను మేష్టారూ. ఆయన్ని చెయ్యి పెట్టనివ్వలేదు. ఆయన పేర్చినవి రెండూ తడిసి ఏడ్చాయి కదా, ఇక మీరు పుల్లలేరండి, కుప్ప సంగతి నేను చూసుకుంటానని చెప్పేశాను. ఇది గనక తప్పితే జాబితాలో పేరు పోవడం ఒకెత్తు. ఇంట్లో నేను ఏ మొహం పెట్టుకు తిరగను?"

మేష్టారు తలెత్తి చూశాడు. మడ్‌గార్డు మీద ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు కుప్పలు పేర్చిన చేతులు. పనిలేక, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మేష్టారికి ఎందుకో అది చూడబుద్ధి కాలేదు. సంచీలో రెండు పారలు వేసి మూతి కట్టేశాడు.

ఓవెన్‌లో కింది అర ఖాళీగా ఉంది. పై అరలో బకెట్టు నమూనా, కింది అరలో సంచీ నమూనా, దేని ట్రే దానికి పెట్టి తలుపు వేశాడు. ఒక రోజంతా ఆరాలి.

మంగళవారం పొద్దున ట్రేలు తీసి తూచాడు. బకెట్టుది ముప్పై ఆరు. సంచీది ముప్పై మూడు.

మేష్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తూచాడు. ముప్పై ఆరు, ముప్పై మూడు. కాటా మీద తూనికరాయి పెట్టి చూశాడు. కాటా కడిగిన ముత్యంలా ఉంది. ట్రేలు ఖాళీ చేసి తూచాడు. తేడా లేదు. ఒకటే బండి, ఒకటే గుంట, ఒకటే పార, ఒకటే ఓవెను. మూడు శాతం ఎక్కడ నుంచి ఊడిపడింది?

మొదట ఆవిడ మీదే అనుమానం వచ్చింది. మనిషి బుద్ధి అంతే కదా, తన వైపు వేలు చూపించుకోవడానికి ఆఖరున గానీ ఒప్పుకోదు. సంచీలో ముందే ఎండు ముక్కలు వేసి తెచ్చిందేమో అనుకున్నాడు. కానీ సంచీ ఖాళీగా దులిపి మరీ పట్టుకుంది. అందులో నింపిందీ, మూతి కట్టిందీ తనే. ఆ అనుమానం ఎంతోసేపు నిలవలేదు.

చీటీ రాసి గేటు పెట్టెలో వెయ్యాలి. రాయలేదు. మధ్యాహ్నం ఫోను మోగింది.

"వచ్చిందా మేష్టారూ?"

"ఇంకా ఆరుతోంది అక్కగారూ," అన్నాడు.

ఫోను పెట్టేశాక చెవులు వేడెక్కాయి. తొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది.

ఇంటికి వెళ్ళినా ధ్యాస అక్కడే. అన్నం ముందు కూర్చుని కంచంలో వేలితో ముప్పై ఆరు, ముప్పై మూడు రాస్తుంటే భార్య చూసి, "అంకెలతో కడుపు నిండుతుందా? కూర వేసుకోండి," అంది. ఆయన సంగతంతా చెప్పాడు.

"మీ చేతుల్లో ఏదైనా తేడా వచ్చిందేమో," అంది ఆవిడ.

"నా చేతుల్లోనా? నా పనిలో వంక పెట్టినవాడు లేడే ఇంతవరకు."

"అందుకే తెలియలేదేమో," అని ఆవిడ మజ్జిగ పోసింది.

ఆ మాటకి ఆయనకి కోపం వచ్చింది. భార్య చెప్పిన మాటల్లో నిజమున్నప్పుడే ఆయనకి కోపం ఎక్కువ.

బుధవారం పొద్దున మళ్ళీ గది ఊడ్పు, బల్ల తుడుపు, బకెట్టు కడుగుడు. రెండు విదిలింపులు. మూత. ఆ వేళ తొలిబండమ్మ రాలేదు కాబట్టి ఇంకో చిన్న సొంతదారు బండి ముందు నిలబడింది. మేష్టారు బండెక్కి, నమూనా నింపుకుని గదికి వచ్చి, ట్రేలోకి బోర్లించాడు. బకెట్టు గోడ చుట్టూ చెక్కదుమ్ము తడిసి, పిండి అంటుకున్నట్టు అంటుకుని ఉంది. మూత గాడిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎప్పుడూ చేసినట్టే మూతని ట్రే అంచుకి కొట్టి దులిపాడు. నాలుగు చుక్కలు ముక్కల మీద పడ్డాయి.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

రోజూ చూసేదే. రోజూ పొద్దున మొదటి బండికి దుమ్ము అలాగే అంటుకుంటుంది. ఆ తర్వాత రోజంతా బండికీ బండికీ మధ్య పొడిగుడ్డతో తుడుస్తాడు, ఇక అంటుకోదు. నీళ్ళతో కడిగేది రోజుకి ఒక్కసారే. ఆ తడి అంతా ఎవరి నెత్తిన పడుతుంది? మొదటి బండి నెత్తిన.

బకెట్టు ఎండలో పెట్టి, పూర్తిగా ఆరాక మూతతో సహా తూచాడు. మళ్ళీ కడిగి, రెండు విదిలింపులు విదిలించి తూచాడు. యాభై గ్రాములు ఎక్కువ. ఇంకోసారి చేశాడు, నలభై అయిదు. ఇంకోసారి, యాభై. నమూనా కిలో అయితే యాభై గ్రాముల నీళ్ళకి తేమ ఎంత పెరుగుతుందో ఆయనకి కాగితం అక్కర్లేదు. మూడు శాతం.

మేష్టారు స్టూలు మీద కూలబడ్డాడు. పుస్తకం శుభ్రంగా ఉండాలంది గానీ పొడిగా ఉండాలనలేదు. పుస్తకం రాసినవాడు బకెట్టు కడిగేంత పనిమంతుడు ఒకడు పుడతాడని ఊహించి ఉండడు. తొమ్మిదేళ్ళు! ఎవరు ముందు లేచి, ఎవరు ముందు బయల్దేరి, ఎవరు ముందొస్తే వాళ్ళ కట్టెలో తను నీళ్ళు కలిపాడు. పాత బాయిలరు రోజుల్లో నష్టం లేకపోయినా, చీటీ మీద అంకె అంకే కదా. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఇక్కడ ఆ కొమ్ములు మొలిపించింది తనే.

ఇంజినీరు గారి గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇంజినీరు వయసులో చిన్నవాడు, మంచివాడే. అంతా విని నవ్వేశాడు.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందన్నమాట," అన్నాడు. "ఏం ఫర్వాలేదు లెండి. ఆవిడ చీటీ ముప్పై మూడని రాయండి. ముందువి రెండూ నేను కొట్టేస్తాను. రేపటి నుంచి బకెట్టు తుడుచుకోండి. అయిపోయింది."

"మరి చెప్పొద్దా సార్?"

"ఎవరికి?"

"ఆవిడకి. సంఘానికి."

"చెప్తే ఏమవుతుందో తెలుసా? ఇవాళ బకెట్టంటారు, రేపు కాటా అంటారు, ఎల్లుండి పారంటారు. ప్రతివాడూ ఒక సంచీ పట్టుకొస్తాడు. ఆవిడ గేటు ఆవిడకి ఉంటోంది కదా, ఇంకేం కావాలి?"

అదీ నిజమే. గేటు ఉంటోంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు, తన మాటకీ మచ్చ లేదు. మేష్టారు సరేనని తలూపి గదికి వచ్చి, చీటీ పుస్తకం తెరిచి, ముప్పై మూడు అని రాశాడు. రాసి చూసుకుంటే, మడ్‌గార్డు మీద ఒకదాన్నొకటి పట్టుకున్న ఆ రెండు చేతులే కళ్ళ ముందు కనబడ్డాయి.

ఈ చీటీ చూసి తొలిబండమ్మ ఏమనుకుంటుంది? తను పేర్చింది కాబట్టే ఆరిందనుకుంటుంది. ఇక ఆ మనిషి జన్మలో కుప్ప మీద చెయ్యి వేయగలడా? గేటు ఆవిడకి ఉంటుంది, ఆయనకి మాత్రం పుల్లలేరడమే మిగులుతుంది. తను నోరు మూసుకుంటే ఆ నేరం ఆయన పేరు మీద స్థిరపడిపోతుంది. ఛ, ఇదేం బతుకు అనిపించింది మేష్టారికి.

తెల్లకాగితం తీసి, పెద్ద అక్షరాలతో రాశాడు. 'తొమ్మిదేళ్ళుగా ప్రతి ఉదయం మొదటి బండి నమూనా నేను కడిగిన తడి బకెట్టులో తీసినాను. అందువలన తేమ సుమారు మూడు శాతం ఎక్కువ చూపినది. తప్పు కట్టెది కాదు, నాది.' కింద సంతకం పెట్టి, గేటు దగ్గర బోర్డు మీద నాలుగు మూలలా మేకులు కొట్టాడు. చదవడానికి మొదట వచ్చిన లారీ డ్రైవరు రెండుసార్లు చదివి, "మేష్టారికే సున్నా మార్కులా?" అని నవ్వుకుంటూ పోయాడు. ఇంజినీరు కిటికీలోంచి చూశాడు, తల పట్టుకున్నాడు. బయటికి వచ్చి చింపలేదు మాత్రం.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే మేష్టారు స్కూటరు మీద బయల్దేరాడు. తొలిబండమ్మ ఇంటి ముందు ట్రాక్టరు చక్రాలు కడుగుతోంది. ఆయన్ని చూడగానే పైపు పక్కన పడేసింది.

"మూడోదీ పోయిందా?" అంది. మొహం పాలిపోయింది.

"పోలేదు. ముప్పై మూడు. ముందువి రెండూ కూడా పోలేదు అక్కగారూ. పోగొట్టింది నేను."

ఆయన నిలబడే చెప్పాడు. కుళాయి, విదిలింపులు, మూత గాడి, యాభై గ్రాములు. ఏదీ దాచలేదు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. పైపులోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి, వెళ్ళి కట్టెయ్యాలని కూడా ఆవిడకి తోచలేదు. మేష్టారే వెళ్ళి కట్టేశాడు.

"ఎన్నేళ్ళ నుంచి అన్నారు?"

"తొమ్మిదేళ్ళు."

"తొమ్మిదేళ్ళూ నా బండే ముందు," అంది ఆవిడ మెల్లగా. తర్వాత చేతులు కొంగుకి తుడుచుకుని, "నాకు చెప్తే చాలదు మేష్టారూ. ఆయనకి చెప్పాలి. రండి," అని అడవి దారి పట్టింది.

దారి నిండా కొట్టిన కొమ్మల వాసన. వాలు పైన, గాలి బాగా తగిలేచోట, కొత్త కుప్ప సగం లేచి ఉంది. కింద రెండు దుంగలు అడ్డంగా వేసి, వాటి మీద కొమ్మల మొదళ్ళన్నీ రోడ్డు వైపుకి వచ్చేలా పేరుస్తూ వచ్చింది ఆవిడ. అయితే వాళ్ళు మలుపు తిరిగేసరికి అక్కడ ఆయన ఉన్నాడు. కుప్ప ఎక్కి, ఆవిడ పేర్చిన కొమ్మల్లోంచి ఒక వంకరదాన్ని లాగి, తిప్పి, దాని చోట దాన్ని కూర్చోబెడుతున్నాడు. ఎంత నెమ్మదిగా, ఎంత ఇష్టంగా చేస్తున్నాడంటే మేష్టారికి చూస్తూ ఉండిపోవాలనిపించింది. అడుగుల చప్పుడుకి ఆయన ఉలిక్కిపడి, పాలు తాగుతూ దొరికిన పిల్లిలా కిందికి దూకి, గబగబా పుల్లలేరడం మొదలుపెట్టాడు.

"నేనేం ముట్టుకోలేదు," అన్నాడు.

ఆ మాటతో తొలిబండమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ కళ్ళలో నీళ్ళు మేష్టారు చూడటం అదే మొదలు.

"చెప్పండి మేష్టారూ," అంది.

ఆయన మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. ఆవిడ భర్త చేతిలో పుల్లల కట్ట అలాగే పట్టుకుని విన్నాడు.

"బకెట్టా?" అన్నాడు చివరికి.

"బకెట్టేనండి."

"కట్టె కాదా?"

"కట్టె కాదు."

ఆయన పుల్లలు కింద పెట్టి, దుంగ మీద కూర్చున్నాడు. "అయితే నేను పేర్చిన ఆ రెండూ నిజానికి ఎంత?"

"ముప్పై రెండున్నర."

"మరి ఇది? సోమవారంది?"

మేష్టారు తొలిబండమ్మ వైపు చూశాడు.

"నా వంక చూస్తారేం? ముప్పై మూడు," అంది ఆవిడే.

అర శాతం. మొగుడి కుప్పే ఎక్కువ ఆరింది. గెలిచినవాడు కాసేపు మీసం దువ్వుకున్నా తప్పు పట్టేవాళ్ళు ఎవరూ లేరక్కడ. ఆయన మాత్రం కుప్ప వంక ఒకసారి చూసి, "అర శాతానిదేముందిలే, అది గాలి తేడా. నీదీ బాగానే పేర్చావు," అన్నాడు.

తొమ్మిదేళ్ళు తడి కట్టె పేర్చేవాడని పేరు మోసిన మనిషి, నేరం తనది కాదని తెలిసిన నిమిషంలో చేసిన మొదటి పని పెళ్ళాన్ని వెనకేసుకు రావడం. క్షమించమని అడుగుదామని మేష్టారు నోరు తెరిచాడు. తొలిబండమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీది అయిపోయింది మేష్టారూ. ఇక నాది ఉంది."

వచ్చి, భర్త పక్కన దుంగ మీద కూర్చుంది. ఒకరోజు కూడా పని మధ్యలో ఆవిడ అలా కూర్చుని ఎరగదు.

"మొదటి ఏడు మీరు నేల మీద పేరిస్తే, తేమ ఎక్కువొచ్చిందని నలుగురిలో అడిగాను," అని మొదలుపెట్టింది. "కుప్పంతా విప్పించి దుంగల మీద పేర్పించాను. నడుం నొప్పి అన్నారు, వినలేదు. రెండో ఏడు మొదళ్ళు రోడ్డు వైపు తిప్పమన్నాను. అంతకుముందు ఉన్నట్టే బాగుందన్నారు. అప్పుడూ వినలేదు. మూడో ఏడు వాన దిగకుండా కుప్ప మీద మందపు కాగితం కప్పకపోబట్టే తడిసిందని మా అన్నయ్య ముందు మిమ్మల్ని..."

"దుంగల సంగతి నీదే రైటు," అన్నాడు ఆయన. "నేల మీద కంటే అదే మంచిది. కాగితం కూడా..."

"మధ్యలో మాట్లాడకండి," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా ఆరేళ్ళున్నాయి."

ఆయన వెంటనే నోరు మూసుకున్నాడు. మూసుకుని, మోకాళ్ళ మీద చేతులు చాపుకుని, హాయిగా వినసాగాడు.